పందికొక్కు వెంట ఆస్ట్రేలియా దాకా

మెల్‌బోర్న్ నడిబొడ్డున, స్వాన్‌స్టన్ వీధిలో విక్టోరియా రాష్ట్ర గ్రంథాలయం ఉంది. ఎనిమిది పలకల గది, పైన పెద్ద గుమ్మటం. 1913లో తెరిచిన పఠనాలయం అది. మా అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆ ఊళ్ళో ముందుగా చూడాలనుకున్న చోటు అదే. నాకు కావలసిన పుస్తకం పేరు 'ఆస్ట్రల్ ఇంగ్లిష్'. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న ఎడ్వర్డ్ ఎల్లిస్ మారిస్ 1898లో దాన్ని వెలువరించాడు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ జనం నోట్లో పడ్డాక ఇంగ్లీషు ఏ కొత్త మాటలు నేర్చిందో, పాత మాటలకు ఏ కొత్త అర్థాలు తెచ్చుకుందో పోగుచేసిన నిఘంటువు అది.

అందులో 'బాండికూట్' అన్న మాట దగ్గర ఆగాను. అది పురుగుల్ని తినే, పొట్టకు సంచి ఉండే చిన్న జంతువని ఉంది. ఆ పేరు భారతదేశం నుంచి వచ్చిందని, తెలుగు 'పందికొక్కు' దానికి మూలమని కూడా ఉంది. అంతవరకూ చదివి గుండె ఉప్పొంగింది. ఆ పక్కనే అర్థం 'పంది-కుక్క' అని రాసి ఉంది. కొక్కు వేరు, కుక్క వేరు అని చెప్పే తెలుగువాడు ఆ పెద్దమనిషికి దొరకలేదు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1886లో, హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' సరైన అర్థమే ఇచ్చింది. పందిలాంటి ఎలుక అని. బర్నెల్ మద్రాసు ప్రభుత్వంలో ఉద్యోగం చేసినవాడు. దక్షిణాది భాషల మధ్య తిరిగినవాడికి ఆ తేడా తెలిసింది.

నేను పశ్చిమ గోదావరి డెల్టాలో పుట్టి, వ్యవసాయ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. పందికొక్కు అంటే నాకు నిఘంటువులో మాట కాదు. వరి పొట్ట మీద ఉన్నప్పుడు దుబ్బుల్ని మొదలంటా కొరికి పడేసే జంతువు. చేలగట్లనూ కాలవగట్లనూ తొలిచి, పెట్టిన నీరు పక్క చేలోకి పోయేట్టు చేసే జంతువు. ఇందులో రెండు రకాలు. కిలో దాకా బరువు తూగే పెద్దరకం ఊళ్ళను అంటిపెట్టుకుని ఉంటుంది. మురుగుకాలవల పక్కన, గాదెల కింద, గడ్డిమేట్ల అడుగున కాపురం పెడుతుంది. చేలల్లో మనకు ఎక్కువ నష్టం చేసేది చిన్నరకం. దాన్ని మూలకు తరిమితే వెంట్రుకలు నిక్కపొడుచుకుని పందిలా గుర్రుమంటుంది. ఆ గుర్రు విన్నవాడికి ఈ పేరు ఎందుకు పెట్టారో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

సార్వా మొదట్లో ఊరంతా ఒకేసారి ఎర పెట్టించడం మా ఉద్యోగంలో ఒక భాగం. తొంభయ్యారు పాళ్ళ నూకలకు రెండు పాళ్ళ నూనె, రెండు పాళ్ళ మందు. పొట్లాలు కట్టి బొరియల్లో వెయ్యాలి. ఒక్క రైతు వేస్తే లాభం లేదు, పక్క చేను నుంచి మళ్ళీ వచ్చేస్తాయి. మందులకు ముందూ, మందులు వచ్చాకా కూడా మనకు అసలు దిక్కు ఎలుకలు పట్టేవాళ్ళే. బుట్టలు పెట్టి తోకకింత అని కూలి తీసుకునేవాళ్ళు, కుండలో గడ్డి రగిల్చి బొరియలోకి పొగ ఊదే యానాదులు. ఏ కన్నం పాతది, ఏది కొత్తది, లోపల గింజల అర ఎటువైపు ఉంటుంది అన్నది వాళ్ళు మట్టి చూసి చెప్పేవారు. పందికొక్కు దాచుకున్న వడ్లు తవ్వి తీసుకుని ఆ పూటకు వండుకున్న కుటుంబాలు నాకు తెలుసు. ఈ జంతువు గురించి మన భాషలో ఉన్న జ్ఞానం చాలామటుకు వాళ్ళదే.

మాట పుట్టుకను పొరుగు భాషల పక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. ఇదే జంతువును తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు, హిందీలో ఘూస్. పందిని, కొక్కును జోడించింది మనమే. కొక్కు అంటే విడిగానే పెద్ద ఎలుక. వినాయకుడికి 'కొక్కురౌతు' అనే పేరు మన పాత నిఘంటువుల్లో ఉంది. కొక్కునెక్కి తిరిగే రౌతు అని. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నంలో వర్తకశాల పెట్టారు, 1639లో మద్రాసులో స్థలం సంపాదించారు. గిడ్డంగుల్లో బట్టల మూటలు, ధాన్యం బస్తాలు నిలవచేసుకున్నవాళ్ళకు తెలుగువాళ్ళ నోటి నుంచి వినపడే మాటల్లో పందికొక్కు ఒకటి అయ్యిందంటే ఆశ్చర్యం లేదు. ప ఒత్తిడి తగ్గి బ అయింది, చివర కొక్కు కాస్తా కూట్ అయింది. కూట్ అన్నది అప్పటికే ఇంగ్లీషులో ఉన్న మాట, నుదుట తెల్లమచ్చ ఉండే ఒక నీటిపక్షి పేరు. తెలియని శబ్దాన్ని తెలిసిన శబ్దంలోకి ఒదిగించుకోవడం అన్ని భాషల్లోనూ ఉన్నదే.

పందికొక్కును పరదేశులు చూడటం ఇంకా పాతది. ఇబ్న్ బతూతా 14వ శతాబ్దంలో దేవగిరి కోట చెరసాలలో పిల్లుల్ని మించిన ఎలుకలు ఉంటాయని, పిల్లులే వాటిని చూసి పారిపోతాయని రాశాడు. 1673 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు జాన్ ఫ్రయర్ ఇళ్ళ కింద బొరియలు చేసే ఎలుకలను పందులతో పోల్చాడు. చూసినవాళ్ళు ఎందరో ఉన్నా, ఇంగ్లీషులో పేరుగా నిలిచింది మాత్రం తెలుగు రైతు పెట్టిన పేరే. 1873లో జాన్ ఎడ్వర్డ్ గ్రే ఈ ఎలుకల ప్రజాతికి 'బాండికోటా' అని శాస్త్రీయ నామం పెట్టడంతో ఆ పేరు ప్రపంచంలోని జంతుశాస్త్ర పుస్తకాలన్నిటికీ ఎక్కింది.

మరి ఇదే మాట ఆస్ట్రేలియాలో వేరే జంతువు నెత్తిన ఎలా కూర్చుంది? దానికి జవాబు వెతుక్కుంటూ మా అల్లుడి కారులో మెల్‌బోర్న్ నుంచి ఆగ్నేయంగా బయల్దేరాం. ఈస్టర్ సెలవులు. మనవరాలు వెనక సీట్లో ఉంది.

"తాతయ్యా, బాండికూట్ అంటే క్రాష్ కదా! నారింజ రంగులో ఉంటాడు, చేతికి గ్లౌజులుంటాయి," అంది.

అది 1996లో నాటీ డాగ్ సంస్థ సోనీ ప్లేస్టేషన్ కోసం చేసిన 'క్రాష్ బాండికూట్' ఆట. ఇవాళ ప్రపంచంలో కోట్లాది పిల్లలకు ఈ మాట తెలిసింది ఆ ఆట ద్వారానే. దాని పేరులో సగం తెలుగు అని చెబితే ఆ పిల్ల నమ్మలేదు. వాళ్ళమ్మను అడిగి ఖాయం చేసుకుంది.

మొదటి మజిలీ క్రాన్‌బోర్న్. అక్కడ రాయల్ బొటానిక్ గార్డెన్స్‌కు చెందిన 363 హెక్టార్ల వనం ఉంది. 2006లో తెరిచిన ఆస్ట్రేలియన్ గార్డెన్, అందులోని ఎర్ర ఇసుక మైదానం చూడటానికి జనం వస్తారు. మేం మాత్రం పిక్నిక్ బల్లల పక్కనున్న పొదల వైపు నడిచాం. అక్కడ దక్షిణ గోధుమరంగు బాండికూట్లు పట్టపగలు కూడా తిరుగుతాయని విన్నాం. కాసేపు కదలకుండా కూర్చున్నాం. గడ్డి కదిలింది. కుందేలుకన్నా చిన్నది, కొనదేరిన పొడుగు మూతి, పొట్టి చెవులు, ముతక బొచ్చు. మూతి నేలలో గుచ్చడం, ముందు కాళ్ళతో రెండుసార్లు గీరడం, ఏదో నమలడం, రెండడుగులు గెంతడం. వెనక కాళ్ళు చూస్తే అది ఎలుక కాదని, కంగారూ బంధువని తెలిసిపోయింది.

వనంలో స్వచ్ఛందంగా పనిచేసే ఒక పెద్దావిడ మా పక్కన నిలబడి నేలమీది గుంటలు చూపించింది. గరాటు ఆకారంలో చిన్నచిన్న గుంటలు, వరసగా.

"ఇవన్నీ అది చేసినవే. ఎండాకాలంలో మా నేల పైపొర నీటిని లోపలికి పోనివ్వదు. ఈ గుంటల్లోంచే వాన లోపలికి దిగుతుంది. రాలిన ఆకు ఇందులో పడి ఎరువవుతుంది. మొక్క మొలుస్తుంది," అంది.

తర్వాత చదివితే ఇంకా పెద్ద లెక్క కనిపించింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇదే కోవకు చెందిన జంతువును నూంగర్ ఆదివాసులు క్వెండా అంటారు. ఒక్క క్వెండా ఏడాదిలో దాదాపు 3.9 టన్నుల మట్టి తిరగేస్తుందని అక్కడి పరిశోధకులు కొలిచారు. నేలలోపల పెరిగే పుట్టగొడుగుల్ని తిని వాటి బీజాలను అడవంతా వెదజల్లుతుంది కూడా. చెట్ల వేళ్ళకు ఆ శిలీంధ్రాలు ఎంత అవసరమో వ్యవసాయం చదివినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నా ఉద్యోగకాలమంతా బొరియను నష్టం కింద లెక్కేసి ఫారాలు నింపాను. ఇక్కడ అదే తవ్వకాన్ని ఆ నేలకు దక్కిన దున్నకం అంటున్నారు.

పేరు ఒకటే అయినా ఈ రెండు జంతువులకూ చుట్టరికం లేదు. మన పందికొక్కు పిల్లను కడుపులో పెంచి కంటుంది. బాండికూట్ గర్భం పన్నెండు రోజుల పైచిలుకు మాత్రమే. క్షీరదాల్లో అంత తక్కువ గర్భకాలం ఉన్నవి బహు అరుదు. గింజంత పిల్ల పాకుకుంటూ సంచిలోకి చేరుతుంది. ఆ సంచి నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, తల్లి తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. జీవపరిణామ వృక్షంలో చూస్తే మన పందికొక్కుకు మనిషి దగ్గరి బంధువు, ఆస్ట్రేలియా బాండికూట్ దూరపు బంధువు. రెంటినీ ఒకే పేరుతో పిలిచినవాడు చూసింది పొడుగు మూతిని, ఎలుకలాంటి ఆకారాన్ని, మట్టి తవ్వే అలవాటును.

అలా పిలిచిన తొలివాళ్ళలో ఒకడి పేరు మీదే మా దారి సాగింది. క్రాన్‌బోర్న్ దాటి, కూవీరప్ మీదుగా దక్షిణానికి తిరిగితే వచ్చే రోడ్డు పేరు బాస్ హైవే. జార్జ్ బాస్ ఓడ వైద్యుడు. ఆరుగురు పడవవాళ్ళతో తిమింగిలాల వేట పడవలో సిడ్నీ నుంచి ఈ తీరం వెంట వచ్చి, 1798 జనవరిలో ఇక్కడి వెస్టర్న్ పోర్ట్ అఖాతం చేరాడు. అదే ఏడాది అక్టోబరులో మాథ్యూ ఫ్లిండర్స్‌తో కలిసి 'నార్ఫక్' అనే చిన్న ఓడలో బయల్దేరి, 1799 జనవరికి టాస్మానియా చుట్టూ తిరిగి అది దీవి అని రుజువు చేశాడు. ఆ ప్రయాణపు రాతల్లో, ఆదివాసులు వదిలివెళ్ళిన నెగళ్ళ చుట్టూ పడి ఉన్న చిన్న జంతువుల ఎముకల గురించి చెబుతూ బాండికూట్ అన్న మాట వాడాడు. డేవిడ్ కాలిన్స్ 1802లో వెలువరించిన న్యూ సౌత్ వేల్స్ చరిత్ర రెండో సంపుటంలో అది అచ్చయింది. సంచిజంతువుకు ఈ పేరు వాడిన తొలి ఆధారాల్లో అది ఒకటి.

బాస్ భారతదేశంలో పొలం గట్ల మీద తిరిగినవాడు కాదు. అయితే ఆ కాలపు సిడ్నీ రేవుకు బియ్యం, సారా, బట్టలు వేసుకుని కలకత్తా ఓడలు వచ్చేవి. 1797 ఫిబ్రవరిలో 'సిడ్నీ కోవ్' అనే ఓడ కలకత్తా నుంచి వస్తూ టాస్మానియాకు ఉత్తరాన ఒక దీవి దగ్గర పాడైంది. అందులో పనిచేసినవాళ్ళు ఎక్కువమంది లాస్కర్లు, అంటే మన దేశపు నావికులు. సాయం కోసం బయల్దేరిన పదిహేడు మందిలో నడిచి నడిచి ప్రాణాలతో సిడ్నీ చేరింది ముగ్గురు. వాళ్ళలో ఒకడు లాస్కరు. వాళ్ళు దారిలో బొగ్గు చూశామని చెబితే, దాన్ని వెతకడానికి అదే ఏడాది వెళ్ళింది ఈ బాసే. భారతదేశపు ఇంగ్లీషు, భారతదేశపు మాటలు ఆ రేవులో ఎంత మామూలుగా వినిపించేవో ఊహించడానికి ఆ ఒక్క ఓడ చాలు.

కానీ ఆ జంతువుకు అప్పటికే పేర్లు లేవా? వేల ఏళ్ళుగా ఆదివాసులు పిలుచుకున్న పేర్లు ఉన్నాయి. నూంగర్ల క్వెండా నిలిచింది. యువాలరాయ్ భాష నుంచి వచ్చిన బిల్బీ నిలిచింది. దాన్ని కూడా తెల్లవాళ్ళు మొదట 'కుందేలు చెవుల బాండికూట్' అన్నారు. ఇప్పుడు ఈస్టర్‌కు కుందేలు బదులు చాక్లెట్ బిల్బీలు దుకాణాల్లో పెడుతున్నారు. మనవరాలి చేతిలో ఒకటి ఉంది. చాలా భాషలకు ఆ అదృష్టం పట్టలేదు. ఆ భాషల వాళ్ళను తరిమి, పేర్లను పక్కకు నెట్టి, వలసవాడు తన సంచిలో ఉన్న పరాయి పేరు తగిలించాడు. ఆ పరాయి పేరు మన భాషది కావడం వల్ల ఈ సంగతి మనం తేలిగ్గా దాటవేయకూడదు. తెలుగు మాట ఖండాలు దాటిందని సంతోషించేటప్పుడు, అది ఏ మాటల చోట కూర్చుందో కూడా గుర్తుంచుకోవాలి.

కూవీరప్ దగ్గర రోడ్డు పక్కన బంగాళాదుంపల సంచులు పెట్టి అమ్ముతున్న ఒక ముసలి రైతు దగ్గర ఆగాం. ఒకప్పుడు పెద్ద చిత్తడి నేల అది. కాలవలు తవ్వి నీరు తీసేసి సాగులోకి తెచ్చారు. ఆ మురుగుకాలవల గట్ల పొదల్లోనే ఇప్పటికీ బాండికూట్లు కొన్ని బతుకుతున్నాయి. మాటల్లో నేను ఏ ఊరివాడినో, ఎందుకు తిరుగుతున్నానో మా అల్లుడు చెప్పాడు.

"మా చిన్నప్పుడు పక్కవాళ్ళ దుంపల్ని బాండికూట్ చేసేవాళ్ళం," అన్నాడాయన.

అదొక క్రియ. మొక్కను పైన పచ్చగా అలాగే ఉంచి, అడుగునుంచి చెయ్యి దూర్చి దుంపలు లాక్కోవడం. 19వ శతాబ్ది చివరి నుంచే ఈ వాడుక ఆస్ట్రేలియాలో ఉంది. యజమాని చేలో నడిస్తే ఆకు నవనవలాడుతూ కనిపిస్తుంది, తవ్వితే ఏమీ ఉండదు. మా అల్లుడు నా మొహం చూసి, "మావయ్యగారూ, ఇది మన గాదె కింద పందికొక్కే కదా!" అన్నాడు. నిజమే. పైకి గాదె నిండుగా ఉండి లోపల గుల్లయ్యే దొంగతనానికి తెలుగులో వందల ఏళ్ళుగా ఉన్న నుడికారం అది. ప్రజాధనం తినేవాణ్ణి మనం ఇవాళ్టికీ పందికొక్కనే తిడతాం. ఆ రైతుకు మన గాదె తెలియదు, మన సామెత తెలియదు. మట్టి కింద జరిగే దొంగతనాన్ని చూసిన కళ్ళు మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆస్ట్రేలియా వాడుకలో ఈ మాటకు దొంగతనం ఒక్కటే కాదు, దైన్యం కూడా అర్థమైంది. బాండికూట్ అంత పేద, బాండికూట్ అంత దిగులు అంటారు. ఒంటరివాణ్ణి కాలిపోయిన గుట్టమీద మిగిలిన బాండికూట్ అంటారు. ఇంగ్లండులో 'కూట్ పక్షి అంత బట్టతల' అన్న నానుడి ఉంటే, ఇక్కడ అది 'బాండికూట్ అంత బట్టతల' అయింది, ఒంటినిండా బొచ్చున్న జంతువు మీద. మన దగ్గర ఈ మాట వింటే బలిసిన ఒళ్ళు, తిండిపోతుతనం గుర్తొస్తాయి. అక్కడ బక్కతనం, దిక్కులేనితనం. నేల మారితే మాట గుణమే మారిపోయింది.

ఆ దైన్యానికి కారణం కూడా ఉంది. శాన్ రెమో దగ్గర వంతెన దాటి ఫిలిప్ దీవికి, అక్కణ్ణుంచి ఇంకో చిన్న వంతెన మీద చర్చిల్ దీవికి చేరాం. 57 హెక్టార్ల చిన్న దీవి. 1801లో జేమ్స్ గ్రాంట్ అనే నావికుడు ఇక్కడ గోధుమలు, కూరగాయలు విత్తాడు. విక్టోరియా నేలలో యూరోపియన్లు వేసిన తొలి పంట ఇదే అని చెబుతారు. ఆ తొలి పంట నుంచి ఏం జరిగిందో ఒక జంతువు కథలో చదువుకోవచ్చు.

తూర్పు చారల బాండికూట్ ఒకప్పుడు పశ్చిమ విక్టోరియా గడ్డిమైదానాల నిండా ఉండేది. పిరుదుల మీద మూడు నాలుగు లేతరంగు పట్టెలు దాని గుర్తు. ఆ మైదానాలు గొర్రెల మేతకు, పంటలకు పోయాయి. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదాకు ఇంగ్లండు నుంచి కుందేళ్ళు తెప్పించి వదిలాడు, అవి దేశమంతా కమ్ముకున్నాయి. వేటకోసమే తెచ్చిన నక్కలు చిన్న జంతువుల్ని తినేశాయి. పెంపుడు పిల్లులు అడవి పట్టి మిగిలినవాటిని పట్టాయి. చివరికి హామిల్టన్ ఊరి చుట్టుపక్కల చెత్తకుప్పలు, పాత కార్ల తుక్కు చాటున కొన్ని దాక్కుని మిగిలాయి. 1980ల చివరికి లెక్కకు దాదాపు 150. వాటినుంచి కొన్నిటిని పట్టి, కంచెల లోపల పెంచుతూ వచ్చారు. బయట మాత్రం విక్టోరియా ప్రధాన భూభాగంలో ఒక్కటీ లేకుండా పోయింది.

2015లో ఈ చర్చిల్ దీవిలో 20 బాండికూట్లను వదిలారు. ఇక్కడ నక్కలు లేవు. రెండేళ్ళలో అవి వంద దాటాయి. ఫిలిప్ దీవిలో ఎన్నో ఏళ్ళు శ్రమపడి నక్కల్ని పూర్తిగా లేకుండా చేశామని 2017లో ప్రకటించి, ఆ ఏడాదే అక్కడా వదిలారు. 2019లో పక్కనున్న ఫ్రెంచ్ దీవిలో వదిలారు. నక్కలు రాకుండా మరెమ్మా జాతి కాపలా కుక్కలకు శిక్షణ ఇచ్చి తోడుంచే ప్రయోగాలు కూడా చేశారు. 2021లో విక్టోరియా ప్రభుత్వం ఈ జంతువును 'బయటి ప్రకృతిలో అంతరించినది' అన్న జాబితా నుంచి తీసి, 'ప్రమాదంలో ఉన్నది' అన్న జాబితాలో చేర్చింది. మామూలుగా జంతువులు ఈ జాబితాల్లో కిందికే జారతాయి. ఇది పైకి లేచింది.

పొద్దు వాలుతున్న వేళ దీవిలో దారి పక్కన గడ్డిలో మేం వాటిని చూశాం. మనవరాలు చారలు లెక్కపెట్టింది. ఆ దీవిలో పనిచేసే ఒక ఉద్యోగిని నన్ను అడిగింది, "మీ దేశంలో దీన్ని ఎలా కాపాడతారు?" అని. మా పందికొక్కును మేం కాపాడం, అదే మా ధాన్యాన్ని తింటుంది, ఇది వేరు అది వేరు అని వివరించాను. ఆవిడ శ్రద్ధగా విని, ఆ మాట తెలుగులో ఎలా పలుకుతారో రెండు మూడుసార్లు పలికించుకుంది.

అన్ని బాండికూట్లకూ ఈ యోగం దక్కలేదు. అచ్చం పంది గిట్టల్లాంటి ముందుకాళ్ళున్న ఒక జాతి ఉండేది. 1836లో అన్వేషకుడు థామస్ మిచెల్ బృందానికి దొరికిన తొలి నమూనాకు తోక ఊడిపోయి ఉండటంతో, శాస్త్రవేత్త దానికి 'తోకలేనిది' అని పేరు పెట్టేశాడు. నిజానికి దానికి పొడుగైన తోక ఉంది. చివరి నమూనా 1901లో దొరికింది. 1950ల దాకా ఎడారిలో చూశామని ఆదివాసులు చెప్పారు. ఇప్పుడు లేదు. దాని ఇంగ్లీషు పేరు 'పిగ్ ఫుటెడ్ బాండికూట్'. అంటే ఆ పేరులో పంది రెండుసార్లు ఉంది, ఒకసారి ఇంగ్లీషులో, ఒకసారి తెలుగులో. పేరు పెట్టినవాళ్ళకు మొదటి పంది మాత్రమే కనిపించింది.

తిరుగు ప్రయాణంలో మా అల్లుడు ఇంకో అర్థం గుర్తుచేశాడు. తిరువనంతపురంలో కొందరు యువ ఇంజినీర్లు స్థాపించిన జెన్‌రోబోటిక్స్ అనే సంస్థ 2018లో మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేసే ఒక యంత్రాన్ని తెచ్చింది. దాని పేరు 'బాండికూట్'. మనిషి మురుగులోకి దిగి ప్రాణం పోగొట్టుకునే పని ఆ యంత్రం చేస్తుంది. చేత్తో మలం ఎత్తే పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చినా చావులు ఆగలేదు. పందికొక్కు మురుగుకాలవల్లో తిరిగే జంతువు కాబట్టి ఆ పేరు పెట్టారు. ఈ మాటకు వచ్చిన అర్థాలన్నిటిలో నేను ఎక్కువ గౌరవించేది ఇదే. మన చేలగట్టు మీద పుట్టి తిట్టుగా మారిన మాట, ఒక మనిషిని ఆ గుంటలోకి దిగకుండా ఆపే యంత్రానికి పేరైంది.

ఈ దారంతా తిరిగాక నాకు తేలింది ఇది. నిఘంటువు మాటకు పుట్టిల్లు చెబుతుంది, అర్థాన్ని మాత్రం అది బతికే నేల ఇస్తుంది. గోదావరి చేలో దొంగ, కూవీరప్ చేలో దొంగతనం చేసే పద్ధతి, చర్చిల్ దీవిలో కాపాడుకోవలసిన ప్రాణి, పిల్లల తెరమీద వీరుడు, కేరళ వీధిలో యంత్రం. మాట వినగానే ఇది మనది అని పొంగిపోవడం ఒక్కటే సరిపోదు. అది వెళ్ళిన చోట ఏం చేసిందో కూడా తెలుసుకోవాలి. మారిస్ పండితుడు కొక్కును కుక్క అనుకున్నట్టు, మనం బాండికూట్‌ను పందికొక్కు అనుకుంటే అక్కడి జంతువుకు అన్యాయం జరుగుతుంది. తెలుగు అనువాదాల్లో ఆస్ట్రేలియా జంతువును పందికొక్కు అని రాయకూడదు. దాన్ని బాండికూట్ అనే రాయాలి.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 59 వేల పైచిలుకు. వాళ్ళకు నా విన్నపం ఒకటి. పెంగ్విన్లను చూడటానికి ఫిలిప్ దీవికి వెళ్ళే ప్రతి కుటుంబమూ చర్చిల్ దీవి వంతెన కూడా దాటండి. సాయంత్రం కారు నెమ్మదిగా నడపండి, అవి రోడ్డు దాటుతుంటాయి. మీ పిల్లలకు ఆ జంతువును చూపించి, దాని పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో, దాని ఆదివాసీ పేర్లు ఏమిటో రెండూ చెప్పండి. ఇక్కడ మన తెలుగు ఊళ్ళల్లో ఉన్నవాళ్ళకు ఇంకొకటి. ఎలుకల బుట్టలు పెట్టేవాళ్ళు, పొగ ఊదే యానాది పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. ఏ ఎలుకకు ఏ పేరు, ఏ బొరియకు ఏ గుర్తు అన్నది వాళ్ళ నోటి నుంచి విని రాసిపెట్టుకోండి. ఒక్క పందికొక్కు ఇంత దూరం వెళ్ళింది. వాళ్ళ దగ్గరున్న మిగతా మాటలు ఏ నిఘంటువులోనూ లేవు.